ఆ గొయ్యి పూడ్చకండి

మా బార్‌లో కొత్తగా నల్లకోటు వేసుకున్న పిల్లలు కొందరు ఆదివారాలు మా ఇంటికి వస్తున్నారు. మా ఆవిడ వేసే మిరపకాయ బజ్జీలు తింటారు, కాఫీ తాగుతారు, ఆ కబురూ ఈ కబురూ చెప్పి చివరికి అడగాల్సింది అడుగుతారు. "సార్, మీరు గుడివాడలో మామూలు ప్లీడరుగా మొదలుపెట్టి పార్టీకి స్టేట్ ప్రెసిడెంట్ దాకా ఎలా వెళ్లారండీ?" అడిగేటప్పుడు వాళ్ల మొహాలు చూడాలి! దారి చెప్తే రేపు పొద్దున్నే బయల్దేరేలా ఉంటారు.

ఎవరి గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డానో, ఏ పదవి తరవాత ఏ పదవి వచ్చిందో నేను చెప్పను. ఆ మనుషులు పోయారు, ఆ గుమ్మాలూ పోయాయి, మీకు అక్కరకి రావు. ఒక మెరక నేల సంగతి మాత్రం చెప్తాను. వకీలుగా నేను నిలదొక్కుకున్నది దానివల్లే. పార్టీ కుర్చీలోంచి లేచి వచ్చేసిందీ దానివల్లే. కోర్టుకైనా, పార్టీకైనా కొత్తగా వచ్చేవాళ్లకి పనికొచ్చే సరుకు నా దగ్గర అంతకన్నా లేదు.

హవాయి చెప్పులు

మా సీనియరు రామశేషయ్య గారు కోపిష్టి మనిషి. నేను చేరిన రోజే నా మెరిసే బూట్లు చూసి, "ఇవెందుకురా, పెళ్లికొడుకువా?" అన్నారు. ఆయన ఆఫీసు గుమ్మం పక్కన ఎప్పుడూ ఒక జత హవాయి చెప్పులు ఉండేవి, చేలగట్ల మీద తిరగడానికి. భూమి తగాదా ఏదొచ్చినా కాగితాలు విప్పకముందే అవి వేసుకుని బయల్దేరేవారు. వెనకాల నేను, బూట్లు చేత్తో పట్టుకుని.

"పటం చూసి దావా వెయ్యకురా. నేల మీదికి వెళ్లు. అదీ ఒకసారి చాలదు. కాలవ కట్టేసినప్పుడు ఒకసారి, నీళ్లు వదిలాక ఒకసారి వెళ్లాలి."

"నేల అదే కదండీ?"

"నేల అదే. అడుగున నీళ్లు వేరు. డెల్టాలో పుట్టి ఈ మాట అడగడానికి సిగ్గు లేదూ?"

బయటివాళ్ల కోసం కొంచెం విడమరిచి చెప్తాను. కృష్ణా డెల్టాలో వేసవికి కాలవలు కట్టేస్తారు. అప్పుడు పల్లపు చేను కూడా నెర్రెలు విచ్చి, మనిషి లోతు తవ్వినా పొడిమట్టే వస్తుంది. సాగుకి కాలవ వదిలాక చూడండి, అదే చేలో మోకాటి లోతు తవ్వేసరికి ఊట తన్నుకొస్తుంది. వేసవిలో చూసినవాడు దాన్ని బంగారంలాంటి స్థలం అంటాడు, నీళ్లొచ్చాక చూసినవాడు మడుగంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అందుకే మా వైపు మెరక నేలంటే, నీళ్లు ఊరని ఎత్తు నేలంటే, అంత ఆశ, దానికోసం అంత తగాదా.

టీచరు గారు

బందరు వైపు పోయే కాలవ గట్టున ఒక పేట ఉంది. అందరూ క్రైస్తవులు, ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. రత్నకుమారి గారు ఆ పేటలోనే పుట్టి, చదువుకుని, అక్కడి బడిలోనే టీచరయ్యారు. పేట పక్కనే చిన్న మెరక ఉంది. అదే వాళ్ల సమాధుల దొడ్డి. చుట్టూ ఎటు చూసినా పల్లం. టీచరు గారి భర్త ప్రకాశం గారిని ఆ మధ్యే అక్కడ సమాధి చేశారు. ఇంతలో ఊళ్లో రైస్‌మిల్లు ఆసామి ఒకాయన, ఆ మెరక మా తాతలదంటూ కంచెకి రాళ్లు దింపాడు. దానికి బదులు రెట్టింపు పల్లపు చేను రాసిస్తానని పెద్దమనిషి తరహాగా కబురు కూడా పెట్టాడు.

ఆవిడ మా ఆఫీసుకి వచ్చి, కూచోమన్నా కూచోకుండా చెప్పారు.

"లాయరు గారూ, మా ఆయన పక్కన నాకు చోటు ఉంచారు. నన్ను అక్కడే పెట్టాలి. అది పోకుండా చూడండి."

నేను కుర్రతనం కొద్దీ, "మీకిప్పుడే అంత తొందరేమిటండీ, నిండు నూరేళ్లు..." అనబోయాను.

"దీవెనలు మా పాస్టరు గారు ఇస్తారండీ. మీరు వకాల్తా కాగితం ఇవ్వండి, సంతకం పెడతాను."

లోపలి గదిలోంచి రామశేషయ్య గారు పకపకా నవ్వడం వినిపించింది.

కేసు మా మునసబు కోర్టు జడ్జి గారి ముందుకి వచ్చింది. ఎదుటి ప్లీడరు ఘటికుడు. వేసవి సెలవులకి ముందే కమిషనరుని పంపి మెరకనీ, బదులిస్తానన్న పల్లాన్నీ చూపించెయ్యాలని పిటిషన్ వేశాడు. కోర్టు తరఫున వెళ్లి నేల చూసివచ్చే వకీలుని కమిషనర్ అంటాం. నేను లేచి, కాలవకి నీళ్లు వదిలాక పంపమని అడిగాను.

మునసబు గారు అనంతపురం వైపు నుంచి వచ్చారు. కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, "నీళ్లకీ నీ దావాకీ ఏమి సంబంధమయ్యా?" అన్నారు.

"సంబంధం లేకపోతే నీళ్లొచ్చాక చూడ్డానికి వాళ్లకి అభ్యంతరం ఎందుకండీ? ఆ పల్లంలో వీళ్లు మనుషుల్ని పాతిపెట్టుకోవాలి. గొయ్యి తీస్తే నీళ్లు పడతాయి."

"మావైపు గొయ్యి తీసి నీళ్లు పడితే కొబ్బరికాయ కొడతాం" అని ఆయన నవ్వారు. కోర్టంతా నవ్వింది. కానీ వాయిదా ఇచ్చారు. కమిషనర్ వెళ్లింది నీళ్లొచ్చాకే. పల్లంలో గొయ్యి తీయిస్తే ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకోవాల్సి వచ్చింది. మెరక పేటవాళ్లదేనని అక్కడి పాత సమాధులే చెప్పాయి, బదులు నేల మాట నీళ్లలో కలిసింది. మిల్లు ఆసామి ఆ మెరక జోలికి రాకూడదని శాశ్వత ఇంజంక్షన్ వచ్చింది.

పిల్లలూ, ఆ కేసులో నేను గొప్ప వాదనేమీ చెయ్యలేదు. నేలని ఎప్పుడు చూడాలో పట్టుపట్టాను, అంతే. వకీలు పనిలో సగం అదే. ఏం అడగాలో పుస్తకాల్లో ఉంటుంది. ఎప్పుడు అడగాలో మీరే తెలుసుకోవాలి.

దండలు, ఏనుగులు

ఆ తీర్పు తరవాత మా ఆఫీసు గుమ్మంలో జనం పెరిగారు. జనం పెరిగితే పార్టీలు వాసన పట్టకుండా ఉంటాయా? అలా వెళ్లాను. చాలా ఏళ్లకి స్టేట్ ప్రెసిడెంటునయ్యాను.

ఆ ఉద్యోగం నిజంగా ఏమిటో చెప్పమంటారా? గన్నవరం ఎయిర్‌పోర్టులో దండ పట్టుకుని నిలబడటం. వచ్చిన పెద్దమనిషి చేతిలో కొండపల్లి ఏనుగు అంబారీ పెట్టడం. గవర్నర్‌పేటలో లాడ్జీల మధ్య ఇరుకు సందులో ఉన్న మా పార్టీ ఆఫీసు మేడ మీద కూచుని, టిక్కెట్టు రానివాళ్ల తిట్లు తినడం. నేను ఎన్ని ఏనుగులు పంచానో, ఏ ఇళ్ల షోకేసుల్లో అవి దుమ్ము పట్టి ఉన్నాయో! జనానికి పనికొచ్చే పని కూడా చేశాం, లేదనను. కానీ వకీలుగా ఉన్నప్పుడు నా ఎదురుగా ఒక మనిషి కూచునేవాడు, ఆ మనిషి గెలవాలి. పార్టీలో అందరూ మనవాళ్లే. అందరి తరఫునా మాట్లాడీ మాట్లాడీ ఎవరి తరఫున మాట్లాడుతున్నామో మర్చిపోయేవాళ్లని చాలామందిని చూశాను.

కిశోర్ అలా మర్చిపోయినవాడు. నా జూనియరు. రామశేషయ్య గారు పోయాక ఆ ఆఫీసు నేను నడిపినన్నాళ్లూ, హవాయి చెప్పులు వేసుకుని నా వెనక చేలగట్లు తిరిగినవాడు. చురుకైనవాడు, మాటకారి, నాకు వాడంటే ప్రాణం. టిక్కెట్టు ఇప్పించింది నేనే. మా పార్టీ అధికారంలోకి వచ్చాక మంత్రి కూడా అయ్యాడు. నాకెంత సంబరమో! మా ఆవిడ చేత సున్నుండలు చేయించి పంపాను.

మంత్రి గారి గొయ్యి

ఆ ఏడు వేసవిలో కిశోర్ ఫోన్ చేశాడు.

"గురువు గారూ, మన బైపాస్ రోడ్డు ఉంది కదండీ, అది ఆ పేట దగ్గర మెరక మీంచి వెళ్తోంది. వాళ్లకి వేరే చోట రెట్టింపు నేల చూపించాం. గ్రామసభ పెడుతున్నాం. మీరొచ్చి ఒక్క మాట చెప్తే చాలు, వాళ్లు మీ మాట జవదాటరు."

"రోడ్డు మొదట చేపల చెరువుల మీంచి కదా వెళ్లాలి?"

"అది కాస్త మార్చారండీ."

ఆ చేపల చెరువులు ఎవరివో నాకు తెలుసు. కిశోర్ బావమరిదివి. ఇంజంక్షన్ మిల్లు ఆసామి మీద వచ్చింది, ప్రభుత్వం మీద కాదు. అదీ వాడికి తెలుసు.

"కొత్త నేల చూశావా?"

"చూశానండీ."

"ఎప్పుడు?"

వాడు మాట మార్చి గ్రామసభ తారీఖు చెప్పాడు. "కాలవకి నీళ్లు వదిలాక పెట్టు సభ" అన్నాను. అంతదాకా ఆగదండీ, పైనుంచి ఒత్తిడి ఉందండీ అని నసిగాడు.

వెళ్లాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. కాలవలో చుక్క నీరు లేదు, గేదెలు అడుగున బురద కోసం వెతుక్కుంటున్నాయి. పేటకి బదులిస్తామన్న పల్లపు చేలోనే షామియానా వేశారు. ఆర్డీవో గారు, పోలీసులు, పేట జనం అందరూ ఉన్నారు. ముందు వరసలో కుర్చీలో రత్నకుమారి టీచరు గారు. రిటైరై చాలా కాలమైంది, చేతికర్ర వచ్చింది, చూపులో వాడి మాత్రం తగ్గలేదు.

కిశోర్ అందరి ముందూ పలుగూ పారా తెప్పించి, చేలో మనిషి లోతు గొయ్యి తీయించాడు. తనే వంగి అడుగు నుంచి వచ్చిన మట్టి దోసిట్లోకి తీసుకుని మైకు ముందు చూపించాడు.

"చూడండమ్మా! చుక్క తడి ఉందా? మీ పాత దొడ్డికంటే మంచి మట్టి. మీకు అన్యాయం జరగనిస్తానా?"

నా ఒళ్లు మండిపోయింది. వాడు ఆ నేల పాఠం మర్చిపోయి చేస్తే ఇంత కోపం వచ్చేది కాదు. వాడికి గుర్తుంది కాబట్టే మే నెలలో పెట్టాడు సభ. రామశేషయ్య గారు నాకు నేర్పింది, నేను వాడికి నేర్పింది, వాడు తిరగేసి ఆ జనం మీదే వాడుతున్నాడు. జనం గొయ్యి వంక, ఆ మట్టి వంక చూస్తున్నారు. కళ్ల ముందు పొడిమట్టి ఉంటే కాదని ఎలా అంటారు? టీచరు గారు గొయ్యి వంక చూడలేదు. కిశోర్ని చూడలేదు. నన్నే చూస్తున్నారు.

కిశోర్ మైకు నా చేతికిచ్చాడు.

"మంత్రి గారు గొయ్యి బాగా తీయించారు" అన్నాను. "ఆర్డీవో గారూ, ఒక్కటే మనవి. ఆ గొయ్యి పూడ్చకండి. ఇలాగే ఉండనివ్వండి. కాలవకి నీళ్లు వదిలాక మనందరం మళ్లీ ఇక్కడికే వద్దాం. అప్పుడూ ఇలాగే పొడిగా ఉంటే నేనే దగ్గరుండి టీచరు గారి చేత సంతకం పెట్టిస్తాను. అంతదాకా మా పార్టీ దీనికి ఒప్పుకోవడం లేదని రాసుకోండి."

కిశోర్ నా చెవి దగ్గరికి వంగి, "గురువు గారూ, ఇది పార్టీ నిర్ణయమండీ" అన్నాడు.

"పార్టీ ప్రెసిడెంటు ఎవరు?" అన్నాను. మైకు ఆపలేదని అప్పుడు గుర్తొచ్చింది. జనం ఘొల్లుమన్నారు. ఆర్డీవో గారు పాపం ఎవరి మొహం చూడాలో తెలియక, నీళ్లొచ్చాక మళ్లీ వస్తానని సభ వాయిదా వేశారు.

టీచరు గారు కర్ర పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. మెచ్చుకుంటారనుకున్నాను. "చుట్టూ కంప కొట్టించండి లాయరు గారూ, పిల్లలు పడతారు" అని చెప్పి వెళ్లిపోయారు. ఆవిడ నన్ను ఎప్పుడూ ప్రెసిడెంటు గారూ అని పిలవలేదు.

కుర్చీ

మర్నాడు గవర్నర్‌పేట ఆఫీసులో ఉండగా పార్టీ పెద్దాయన ఫోన్ చేశారు. ప్రభుత్వమూ ఆయనదే, పార్టీ కూడా ఆయనదే.

"ఆ గొయ్యి ఏమిటయ్యా, ఊరంతా నవ్వుతోంది? నువ్వే చెప్పావు, నువ్వే వెళ్లి పూడ్పించు."

"నీళ్లొచ్చేదాకా పూడ్పించలేనండీ."

"ఒక మంత్రి పరువు నువ్వే తీస్తే ప్రభుత్వం ఎలా నడపాలి? నీకు కుర్చీ ఉండాలని లేదా?"

"ఉందండీ."

నిజమే చెప్పాను. ఆ కుర్చీ అంటే నాకు ఇష్టం. నాకు పదవీ వ్యామోహం లేదని చెప్పేవాణ్ని నమ్మకండి, ముఖ్యంగా వాడు రాజకీయాల్లో ఉంటే. కానీ టీచరు గారి వకాల్తా తీసుకున్నప్పుడు ఆవిడ చోటు పోనివ్వనని నేను ఒప్పుకున్నాను. ఇప్పుడు నేను పెద్దవాణ్నయ్యానని ఆ చోటు మారిపోతుందా?

"అయితే గొయ్యి పూడ్పించు" అన్నారాయన.

"రాజీనామా పంపుతున్నానండీ."

ఫోన్ పెట్టాక రాజీనామా రాసి సంతకం పెట్టాను. ఎందుకు దాచాలి, కళ్లనీళ్లు వచ్చాయి. మెట్లు దిగి కిందికి వచ్చేసరికి పార్టీ కారు లేదు. కబురు నాకన్నా ముందే దిగిపోయింది. ఆ సందులోనే ఒక చెప్పుల షాపుంది. లోపలికి వెళ్లి హవాయి చెప్పులు ఒక జత కొనుక్కుని ఆటో ఎక్కాను. ఇంట్లో మా ఆవిడ ఆ పొట్లం చూసి అంతా అర్థం చేసుకుంది. "పోన్లెండి, ఇప్పటికైనా మధ్యాహ్నం వేళకి అన్నం తింటారు" అంది.

నీళ్లొచ్చాక

ఇక గొయ్యిని కాపాడాలి. పేటవాళ్లు వంతులు వేసుకుని దాని పక్కన కూచున్నారు. పగలు నేనూ వెళ్లి కూచునేవాణ్ని. మాజీలకి తీరికే కదా. ఒకరోజు మట్టి టిప్పరు ఒకటి నేరుగా చేలోకి దిగింది. ఎవరు పంపారో డ్రైవరు చెప్పలేదు. మేం లేచేలోగా టీచరు గారు తన కుర్చీ గొయ్యి అంచుకి లాగించుకుని అందులో కూచున్నారు.

"మట్టి పొయ్యి నాయనా. నా మీదే పొయ్యి. ఎలాగూ గొయ్యి సిద్ధంగా ఉంది."

ఆ డ్రైవరు క్రైస్తవుడో హిందువో నాకు తెలీదు. లెంపలు వేసుకుని బండి వెనక్కి తిప్పుకుని పోయాడు.

కాలవ వదిలారు. నేను హవాయి చెప్పులు వేసుకుని వెళ్లాను. ముందు కాలవ అడుగు తడిసింది, తరవాత చేలకి నీళ్లు తీసుకెళ్లే బోదెలు పారాయి, ఆ పైన మంత్రి గారి గోతిలో అడుగున నల్లటి చెమ్మ కనిపించింది. మేం అటూ ఇటూ చూస్తుండగానే అది మెల్లగా నిండుతూ వచ్చింది. ఆర్డీవో గారు మాట నిలబెట్టుకుని వచ్చేసరికి గొయ్యి అంచుదాకా నీళ్లు. ఎవరివో బాతులు అందులో ఈదుతున్నాయి. పత్రికల వాళ్లు ఆ బాతుల్నే ఫొటోలు తీశారు.

టీచరు గారు ఆయన్ని మర్యాదగానే అడిగారు. "ఇందులో ఎవర్ని పెట్టమంటారండీ?"

ఆర్డీవో గారు చెప్పులు చేత్తో పట్టుకుని ఆ బురదలో నిలబడ్డారు. చూసింది చూసినట్టు రాశారు. రోడ్డు మళ్లీ చేపల చెరువుల వైపుకి జరిగింది. నాకు పార్టీలో మళ్లీ ఏ పనీ ఇవ్వలేదు. నేను అడగనూ లేదు. గుడివాడ వచ్చి కోటు దులిపి వేసుకున్నాను, ఓపిక ఉన్నన్నాళ్లు కోర్టుకి వెళ్లాను.

రాజకీయాల్లోకి వెళ్లొద్దని నేను అనను. వెళ్లండి. మంచివాళ్లు వెళ్లకపోతే ఎవరు వెళ్లాలి? కానీ మీ మొదటి క్లయింటు ఎవరో మర్చిపోకండి. ఎంత పైకి వెళ్లినా, ఏ నిర్ణయం మీద మాట ఇవ్వాల్సి వచ్చినా, వేసవిలో ఒకసారి, నీళ్లొచ్చాక ఒకసారి వెళ్లి చూడండి. మీరు పెంచినవాళ్లే, మీరు నేర్పిన విద్యతోనే మీకు ఎదురు నిలబడొచ్చు. అప్పుడు వాళ్ల మీద ప్రేమ చంపుకోనక్కర్లేదు. వెనక్కి మాత్రం తగ్గకండి.

చోటు

టీచరు గారు కిందటేడు పోయారు. సార్వా, అంటే తొలిపంట, నాట్లు పడుతున్నాయి, కాలవ గట్లు ఒరుసుకుంటూ పారుతోంది. చుట్టూ పల్లం అంతా నీళ్లు. ఆ మెరక మీద, ప్రకాశం గారి పక్కన గొయ్యి తీశారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. మొదటి పిడికెడు మట్టి లాయరు గారే వెయ్యాలని ఆవిడ చెప్పి పోయారట.

ముందుకి వెళ్తుంటే జనం వెనకాల కిశోర్ కనిపించాడు. కార్లూ, మనుషులూ లేరు. అంతకుముందు ఎన్నికల్లో ఓడిపోయాడు, జుట్టు నెరిసింది. చేతులు కట్టుకుని తల దించుకుని నిలబడ్డాడు. రమ్మని చెయ్యి ఊపాను. వచ్చాడు.

గోతి అడుగు నుంచి తీసిన మట్టి పక్కన కుప్పగా ఉంది. ఒక పిడికెడు తీసి వాడి అరచేతిలో పోశాను. వాడు చాలాసేపు దాన్ని వేళ్లతో నలిపాడు. మట్టి జలజలా రాలింది.

"పొడిగా ఉందండీ, గురువు గారూ" అన్నాడు.

ఇద్దరం కలిసే వేశాం. తరవాత నేను పారలు పట్టుకుని నిలబడ్డ పేట కుర్రాళ్ల వైపు తిరిగాను. వాళ్లు నా మాట కోసం చూస్తున్నారు.

"పూడ్చండి" అన్నాను.